గురుత్వ తరంగములు - ముప్పది సంవత్సరముల ప్రణాళిక

చెరువులో రాయి పడినచో అలలు గట్టు వరకు ప్రాకును. అట్లే మిక్కిలి భారమైన గోళములు అతివేగముగా పరిభ్రమించి ఢీకొన్నప్పుడు స్థలకాలములందే అలలు బయలుదేరునని ఐన్‌స్టీన్ 1916లో సూచించెను. వీటినే గురుత్వ తరంగము లందురు. ఇవి భూమిపై మొదటిసారి నమోదైనది 2015 సెప్టెంబరు 14వ తేదీన. ఊహకును, నిదర్శనమునకును నడుమ తొంబది తొమ్మిదేండ్లు గడచినవి.

ఇంత ఆలస్యమునకు కారణమేమి? ఆనాడు చిక్కిన తరంగము సుమారు 130 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున రెండు కృష్ణబిలములు కలిసిపోయినప్పుడు పుట్టినది. భూమిని చేరునప్పటికి అది 4 కిలోమీటర్ల పొడవును మార్చినది ప్రోటాను వ్యాసములో నూరవ వంతుకన్న తక్కువ. దీనిని కొలుచుటకై అమెరికాలో హాన్‌ఫర్డు, లివింగ్‌స్టన్ అనుచోట్ల 'లైగో' పరికరములను నిర్మించిరి. ఒక్కొక్కదానికి లంబకోణముగా 4 కిలోమీటర్ల చేతులు రెండు గలవు. గాలి తీసివేసిన ఆ గొట్టములలో లేసర్ కిరణములు అద్దములపై పడి తిరిగివచ్చి కలిసికొనును. ఒక చేయి ఏమాత్రము సాగినను కలిసిన వెలుగులో భేదము కానవచ్చును.

ఈ నిర్మాణమునకు 1990లో ధనము మంజూరైనది. 2002 నుండి 2010 వరకు జరిపిన పరిశీలనలలో ఒక్క తరంగమైనను దొరకలేదు. అయినను పని మానక పరికరములను మెరుగుపరచిరి. మంజూరైన పాతికేండ్లకు ఫలము చేతికి వచ్చినది.

ధ్వని ఏ వైపునుండి వచ్చినదో తెలియుటకు రెండు చెవులు కావలెను. గురుత్వ తరంగములకు రెండును చాలవు. 2017 ఆగస్టు 14న వచ్చిన తరంగపు దిశను రెండు లైగోలు ఆకాశములో 1,160 చదరపు డిగ్రీల మేర మాత్రమే గుర్తింపగలిగినవి. ఒక చదరపు డిగ్రీ యనగా పూర్ణచంద్రబింబములు ఐదు పట్టునంత చోటు. ఇటలీలోని 'వర్గో' తోడైనంతనే అది 60 డిగ్రీలకు తగ్గినది. మూడు దినముల పిదప రెండు న్యూట్రాను నక్షత్రములు ఢీకొన్నప్పుడు, దూరదర్శినులు కొన్ని గంటలలోనే ఆ చోటును కనుగొనెను. బంగారము వంటి బరువైన మూలకములు ఇట్టి తాకిడులలో పుట్టుననుటకు అచటి వెలుగు సాక్ష్య మిచ్చినది.

పరికరములు ఎంత దూరదూరముగా నున్న దిశ అంత స్పష్టమగును. అందుచేతనే జపానులో 'కాగ్రా' వెలసినది. మన దేశమున మహారాష్ట్రలోని హింగోలి జిల్లా ఔంఢా వద్ద లైగో నిర్మాణమునకు కేంద్ర ప్రభుత్వము 2023లో సుమారు 2,600 కోట్ల రూపాయల వ్యయము నామోదించినది.

ఇట్టి కార్యము ఒక దేశమువలన, ఒక తరమువలన కాదు. కనుక 1997లో ఏర్పడిన అంతర్జాతీయ సంఘము 2010లో రాబోవు ముప్పదేండ్లకు ప్రణాళికను ప్రకటించినది. అందు ముఖ్యాంశము తరంగముల స్థాయీభేదము. సంగీతమందువలెనే వీటిలోను తార, మంద్ర స్థాయిలు గలవు. భూమిమీది పరికరములు సెకండుకు పదులు, వందల కంపనలు గల తరంగములనే గ్రహించును. లక్షల సూర్యుల బరువుగల కృష్ణబిలములు కలియునప్పుడు ఒక్కొక్క కంపనకు నిమిషములు, గంటలు పట్టవచ్చును. నేల అదురు, కడలి అలల తాకిడి ఆ మంద్రధ్వనిని మరుగుపరచును.

దానిని వినుటకు అంతరిక్షమే తగిన చోటు. 'లీసా' అను ఏర్పాటులో మూడు నౌకలు 25 లక్షల కిలోమీటర్ల ఎడముతో త్రిభుజముగా సూర్యుని చుట్టు తిరుగును. 2011లో ధనాభావమువలన అమెరికా దీనినుండి తొలగినది. ఐరోపా సంస్థ పట్టు విడువక 2015 డిసెంబరులో ఒక పరీక్షానౌకను పంపి, ఈ విధానము సాధ్యమని నిరూపించెను. అమెరికా మరల చేరినది. 2024 జనవరిలో ఆమోదము పొందిన లీసాను 2035లో ప్రయోగింప సంకల్పించిరి. ఐరోపాలో భూగర్భమున 'ఐన్‌స్టీన్ టెలిస్కోపు', అమెరికాలో 40 కిలోమీటర్ల చేతులతో 'కాస్మిక్ ఎక్స్‌ప్లోరరు' ప్రతిపాదనలో నున్నవి.

2010లో ఈ ప్రణాళికను వ్రాసినవారిలో అనేకులు లీసా పనిచేయునాటికి విశ్రాంతి పొందియుందురు. దాని వార్తలను చదువవలసినవారు నేడు ఉన్నత పాఠశాలలలో కాంతి, శబ్దము, కంపనలు నేర్చుకొనుచున్న బాలబాలికలే. యంత్రములతోబాటు వారిని సిద్ధపరచుటయు ఈ ప్రణాళికలో భాగమే.