టెలిఫోను తీగపై అంకెల ప్రయాణము

ఒక కార్యాలయమున పది పదునైదు కంప్యూటర్లు ఉన్నవనుకొందము. ఒకదానిలోని లెక్కలను మరొకదానిలో చూచుకొనుటకు వీలుగా వాటినన్నిటిని తీగలతో కలిపినచో, ఆ ఏర్పాటును నెట్‌వర్కు అందురు. ఈ తీగలు కార్యాలయపు గోడలతో ఆగిపోవును. ఇరువది మైళ్ల దూరమున ఇంటిలో నున్న ఉద్యోగికి ఆ లెక్కలు కావలసి వచ్చినచో ఏమి చేయవలెను? అంత దూరము క్రొత్త తీగ వేయించుట మిక్కిలి ఖర్చుతో కూడిన పని. కాని ఇంటికిని కార్యాలయమునకును నడుమ ఒక తీగ ముందే ఉన్నది. అదియే టెలిఫోను తీగ.

1980, 1990 దశకములలో ప్రపంచమంతట ఉద్యోగులు, శాస్త్రజ్ఞులు, వర్తకులు ఈ తీగనే ఆధారము చేసుకొని దూరము నుండి తమ కార్యాలయపు కంప్యూటర్లను చేరుకొనిరి. ఇందుకు తోడ్పడిన చిన్న పరికరము పేరు మోడెము. నేడు దాని స్థానమును చాలవరకు ఇతర సాధనములు ఆక్రమించినవి. అయినను అది పరిష్కరించిన మూడు ప్రశ్నలు మాత్రము పాతబడలేదు. మాటల కొరకు వేసిన తీగపై అంకెలను పంపుట ఎట్లు? ఎంత వేగముగా పంపగలము? పిలుచుచున్నవాడు మనవాడేనని కార్యాలయమునకు తెలియుట ఎట్లు? వీటిని వరుసగా పరిశీలింతము.

తీగకు గల హద్దులు

అలెగ్జాండర్ గ్రాహంబెల్ 1876లో టెలిఫోనుకు పేటెంటు పొందెను. ఆ పరికరము మానవుని కంఠధ్వనిని మోయుటకు పుట్టినది. మన మాట అర్థమగుటకు సెకనుకు 300 మొదలు 3400 వరకు గల కంపనములు చాలును. సెకనుకు ఒక కంపనమును ఒక హెర్ట్జ్ అందురు. కావున టెలిఫోను సంస్థలు తమ పరికరములను ఈ రెండు హద్దుల నడుమ నుండు ధ్వనులకే సరిపోవునట్లు నిర్మించినవి. ఆపైవి, ఆ దిగువవి మార్గమధ్యముననే ఆగిపోవును.

కంప్యూటరు భాషలో ఉన్నవి 0, 1 అను రెండే అంకెలు. వీటినే బిట్లు అందురు. కంప్యూటరు లోపల ఇవి విద్యుత్తు ఉండుట, లేకుండుట అను రూపములో ఉండును. ఈ విద్యుత్తును ఉన్నదున్నట్లుగా టెలిఫోను తీగకు తగిలించిన నేమగును? వరుసగా పది ఒకట్లు వచ్చినచో విద్యుత్తు మార్పు లేక నిలకడగా నుండును. నిలకడ యనగా కంపనము లేదన్నమాట. ఆ దారిలోని ట్రాన్స్‌ఫార్మర్లు దానిని దాటనీయవు. 0 నుండి 1కి హఠాత్తుగా మారునపుడు పుట్టు అతి వేగపు కంపనములును 3400 హెర్ట్జుల హద్దు దాటుట చేత తెగిపోవును. ఆవలి కొసకు చేరునది గుర్తుపట్టరాని గీత మాత్రమే.

రెండు స్వరముల భాష

కావున అంకెలను ధ్వనిగా మార్చి పంపవలెను. ఆవలి కొసలో ధ్వనిని మరల అంకెలుగా మార్చవలెను. మొదటి పనిని మాడ్యులేషన్ అనియు, రెండవదానిని డీమాడ్యులేషన్ అనియు అందురు. ఈ రెండు పదముల మొదటి ముక్కలను కలిపి మోడెము అను పేరు కల్పించిరి.

1962లో అమెరికాలో బెల్ సంస్థ తెచ్చిన 103 సంఖ్య గల మోడెము ఈ పనిని చక్కగా చేసెను. పిలుచు మోడెము 0కి బదులు 1070 హెర్ట్జుల స్వరమును, 1కి బదులు 1270 హెర్ట్జుల స్వరమును వినిపించును. జవాబిచ్చు మోడెము 2025, 2225 హెర్ట్జుల స్వరములను వాడును. రెండు జతలును వేరువేరు కావున ఇద్దరు ఏకకాలమున మాట్లాడినను కలగాపులగము కాదు.

దీనిని తరగతిలోనే చేసి చూడవచ్చును. ఒక హార్మోనియము తెచ్చి, మంద్ర స్థాయి షడ్జమము 0 అనియు, పంచమము 1 అనియు ఏర్పాటు చేసుకొనుడు. ఆంగ్లాక్షరమైన 'ఏ'కు కంప్యూటరు సంకేతము 65. రెండు అంకెల లెక్కలో ఇది 1000001. అక్షరము మొదలగుచున్నదని తెలుపుటకు ముందొక 0, ముగిసినదని తెలుపుటకు చివర ఒక 1, తప్పు పట్టుటకు నడుమ ఒక తనిఖీ బిట్టు చేర్చిన మొత్తము పది బిట్లగును. ఒక విద్యార్థి మెట్లు నొక్కగా, గది ఆవల నున్న విద్యార్థి విని వ్రాసికొని అక్షరమును చెప్పవలెను. మోడెము చేయు పని ఇదియే. 103 మోడెము సెకనుకు 300 బిట్లు, అనగా ముప్పది అక్షరములు పంపెడిది. పది లక్షల అక్షరములను ఆ వేగమున పంపుటకు తొమ్మిది గంటలకు పైగా పట్టును.

దూరపు గణన

దూరము నుండి గణన యంత్రమును నడుపు ఆలోచన మోడెము కంటె ముందే పుట్టినది. 1940 సెప్టెంబరు 11న జార్జ్ స్టిబిట్జ్ అను శాస్త్రజ్ఞుడు అమెరికాలోని డార్ట్‌మౌత్ కళాశాలలో గణితజ్ఞుల సభ యెదుట ఒక టెలిటైపు యంత్రము నుంచి, న్యూయార్కులో నున్న తన గణన యంత్రమునకు లెక్కలు పంపి జవాబులు తెప్పించెను. 1950 దశకమున అమెరికా వాయు రక్షణ వ్యవస్థ యైన 'సేజ్', రాడారు కేంద్రముల సమాచారమును టెలిఫోను తీగలపై కంప్యూటర్లకు చేరవేసెను.

సామాన్యునికి మాత్రము ఒక అడ్డంకి ఉండెను. టెలిఫోను సంస్థ వారిది కాని పరికరమును తీగకు తగిలించుటకు అమెరికాలో అనుమతి లేదు. అందుచేత కొందరు టెలిఫోను రిసీవరును రెండు రబ్బరు గిన్నెలలో నుంచి, మోడెము స్వరములను గాలి ద్వారా వినిపించెడివారు. 1968లో 'కార్టర్‌ఫోన్' వ్యాజ్యమున వచ్చిన తీర్పు ఇతరుల పరికరములకు దారి తెరచెను. 1981లో వచ్చిన హేస్ స్మార్ట్‌మోడెము కంప్యూటరు ఆజ్ఞను అందుకొని, తానే నంబరు త్రిప్పి, తానే తీగను వదలగలిగెను. మన దేశమున 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ ప్రజలకు ఇంటర్నెట్టును అందించినపుడును, సామాన్య చందాదారులకు దారి ఈ మోడెమే.

వేగమునకు హద్దు

ఒక స్వరమునకు ఒక బిట్టు చొప్పున పంపుట నిదానమైన పని. హార్మోనియము మీద రెండు స్వరములకు బదులు నాలుగు స్వరములు వాడినచో, ఒక్కొక్క స్వరము రెండు బిట్లను మోయును. పదునారు వాడినచో నాలుగు బిట్లను మోయును. మోడెములు స్వరమును మాత్రమే కాక, తరంగపు ఎత్తును, అది ఆరంభమగు దశను కూడ మార్చి ఇట్టి పదునారు గుర్తులను ఏర్పరచినవి. 1984 నాటి ప్రమాణముల ప్రకారము సెకనుకు 2400 గుర్తులు, గుర్తుకు నాలుగు బిట్లు చొప్పున 9600 బిట్లు పంపుట సాధ్యమైనది.

అట్లయిన గుర్తులను వేలకు వేలు పెంచుకొనుచు పోరాదా? పోరాదు. తరగతిలో పిల్లలందరు మాట్లాడుచుండగా దగ్గర దగ్గర స్వరముల తేడాను మీరు పట్టగలరా? తీగలోను అట్టి రొద ఎల్లప్పుడు ఉండును. గుర్తులు ఎంత దగ్గరైన అంత సులభముగా రొద వాటిని కలిపివేయును. 1948లో క్లాడ్ షానన్ ఈ హద్దును ఒక సూత్రముగా నిరూపించెను. మార్గపు వెడల్పును, సంకేతము రొద కంటె ఎన్ని రెట్లు బలమైనదో ఆ సంఖ్యను తెలిసికొన్నచో గరిష్ఠ వేగమును లెక్కింపవచ్చును. వెడల్పు 3100 హెర్ట్జులు, బలము వెయ్యి రెట్లు అనుకొన్నచో, సెకనుకు సుమారు 31,000 బిట్లు వచ్చును. తీగ మరికొంత శుభ్రముగా నున్న హద్దు కొంత పెరుగును. 1996 నాటికి మోడెములు 33,600 బిట్లను అందుకొనెను.

మరి 1998లో 56,000 బిట్ల మోడెము వచ్చినది గదా, షానన్ సూత్రము తప్పా? కాదు. అప్పటికి ఎక్స్చేంజీలు ధ్వనిని సెకనుకు 8000 మార్లు కొలిచి అంకెలుగా మార్చుచుండెను. ఆ కొలతలో జరుగు సర్దుబాటే పెద్ద రొద. కార్యాలయము లేక ఇంటర్నెట్టు సంస్థ నేరుగా అంకెల మార్గముతో ఎక్స్చేంజీకి కలిసియున్నచో, అచట నుండి ఇంటికి వచ్చు దారిలో ఆ కొలత అవసరము లేదు. రొద తగ్గెను, హద్దు పెరిగెను. ఇంటి నుండి పోవు దారిలో కొలత తప్పదు కావున, ఆ మోడెములో అటు వేగము 33,600 వద్దనే ఆగెను.

తలుపు తట్టువాడెవడు?

మోడెము నంబరు త్రిప్పగానే వినవచ్చు కీచుధ్వనులు ఆ రెండు యంత్రములు ఏ వేగమున మాట్లాడుకొనవలెనో నిశ్చయించుకొను సంభాషణయే. అది ముగిసిన పిదప అసలు పరీక్ష ఆరంభమగును. టెలిఫోను నంబరు తెలిసినవాడెవడైనను పిలువవచ్చును. వరుసగా నంబర్లు త్రిప్పుచు, ఎచట మోడెము పలుకునో వెదకు అలవాటు కొందరికి ఉండెను. 1983లో వచ్చిన 'వార్‌గేమ్స్' అను చలనచిత్రము దీనిని లోకమునకు తెలిపెను. ఒక ఉద్యోగి తన బల్లపైని టెలిఫోనుకు ఎవరికిని చెప్పక మోడెము తగిలించి వదలినచో, ముందు తలుపునకు తాళము వేసి పెరటి తలుపు తెరచినట్లే.

రహస్య పదమును తీగపై పంపినచో, విన్నవాడు దానిని మరునాడు తానును చెప్పగలడు. దీనికి విరుగుడుగా ప్రశ్నోత్తర పద్ధతిని కల్పించిరి. ఇద్దరికి తెలిసిన రహస్య సంఖ్య 58 అనుకొందము. కార్యాలయము 37 అని పంపును. ఉద్యోగి యంత్రము 37ను 58చే గుణించి, 2146లో చివరి రెండంకెలు 46 పంపును. కార్యాలయమును అట్లే లెక్కించి సరిచూచుకొనును. మరునాడు ప్రశ్న 91, జవాబు 78. నిన్నటి 46 నేడు పనికిరాదు. రహస్యము తీగపై ఒక్కమారైనను పయనింపలేదు.

అయితే మన లెక్కలో లోపమొకటి కలదు. 37, 46 విన్నవాడు 0 నుండి 99 వరకు అన్ని సంఖ్యలతో గుణించి చూచి 58ని పట్టగలడు. విద్యార్థులు దీనిని స్వయముగా చేసి చూడవచ్చును. నిజమైన పద్ధతిలో ఎదురు లెక్కకు లొంగని ప్రక్రియలను వాడుదురు. అయినను రహస్య పదము ఊరి పేరో, పుట్టిన తేదీయో అయినచో ఒక్కొక్కటిగా ప్రయత్నించి చూచువానికి అది దొరకును. కొన్ని కార్యాలయములు మరింత జాగ్రత్తపడి, పిలుపు రాగానే తీగను వదలి, ఆ ఉద్యోగి ఇంటి నంబరుకు తామే తిరిగి పిలిచెడివి.

అదే తీగ, క్రొత్త హద్దు

3400 హెర్ట్జుల హద్దు రాగి తీగది కాదు, దాని కొసలనున్న పరికరములది. ఎక్స్చేంజీలో వేరు పరికరము నుంచగా, అదే తీగ పది లక్షల హెర్ట్జుల వరకు మోసి సెకనుకు లక్షల బిట్లను అందించెను. ఆ పిమ్మట గాజు తంతువులు, నిస్తంత్రీ మార్గములు వచ్చినవి. అమెరికాలోని ఏఓఎల్ సంస్థ 2025 సెప్టెంబరు 30న తన డయలప్ సేవను ముగించెను.

2020లో మహమ్మారి వచ్చి లక్షలాది ఉద్యోగులు ఇంటి నుండి పనిచేసినపుడు మార్గములు వేరు, వేగములు వేరు. కాని రొద నడుమ గుర్తులను వేరుపరచుట, రహస్యమును పంపకయే రహస్యము తెలియునని నిరూపించుట అను రెండు పనులును అప్పుడును జరిగినవి, ఇప్పుడును జరుగుచున్నవి. ఆ రెంటిని హార్మోనియముతోను, గుణకారముతోను తరగతిలో బోధింపవచ్చును.