మెడలో మిల్లీమీటర్ల లెక్క

పెద్దవాళ్ల మెడలో వెన్నుపాము దిగే కాలువను ముందు నుంచి వెనక్కి కొలిస్తే దాదాపు 17 మిల్లీమీటర్లు. అందులో వెన్నుపాము మందమే 8 దాకా ఉంటుంది. మిగిలిన చోటు ఎక్కువగా చుట్టూ పారే ద్రవానిది. కాలువ 13 కంటే తగ్గితే ఇరుకైందంటారు డాక్టర్లు. 10కి దిగిందంటే ప్రమాదమే. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లకు ఈ ఇరుకు చప్పుడు లేకుండా వస్తుంది.

లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన దేశ ప్రమాణం ఇంకా తక్కువ, 1 మిల్లీగ్రామే. వేరే నీళ్లు దొరకని చోట మాత్రం 1.5 దాకా ఒప్పుకుంటారు. ఇప్పటి ప్రకాశం జిల్లా పల్లెల్లో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు ఉందని 1937లోనే వైద్యులు రాశారు. ఇక నల్గొండ పేరు చెబితే చాలు, అందరికీ గుర్తొచ్చేది ఇదే. ఒంట్లో ఉండే ఫ్లోరైడ్‌లో 99 శాతం ఎముకల్లో, పళ్లలోనే తిష్ఠ వేస్తుంది. ఎముక చిక్కబడుతుంది. పూసల్ని కట్టి ఉంచే లిగమెంట్లు కూడా గట్టిపడి ఎముకై, కాలువలోకి చొచ్చుకొస్తాయి. ఎముకల ఫ్లోరోసిస్ ముదిరినవాళ్లలో సుమారు 10 శాతం మందికి నరాల మీద దెబ్బ పడుతుందని వైద్య గ్రంథాల లెక్క.

ఎక్స్‌రేలో తెల్లగా చిక్కబడ్డ ఎముక కనిపిస్తుంది, జబ్బు ఉందని తెలుస్తుంది. వెన్నుపాము మాత్రం కనిపించదు. అది చూపేది ఎంఆర్‌ఐ. భూమి అయస్కాంత బలానికి దాదాపు 30 వేల రెట్లున్న 1.5 టెస్లా అయస్కాంతంతో ఒంట్లోని నీటి జాడ పట్టి బొమ్మ గీస్తుంది. ఒక రకం బొమ్మలో ద్రవం తెల్లటి ధారలా, వెన్నుపాము బూడిద రంగులో, గట్టిపడ్డ లిగమెంటు నల్లగా కనిపిస్తాయి. నలుపు రెండు వైపుల నుంచీ తోసుకొచ్చిన చోట ఆ తెల్లటి ధార తెగిపోతుంది. అక్కడే వెన్నుపాము లోపల తెల్లటి మచ్చ కనిపించిందా, నలుగుడు మొదలై కొంతకాలమైందన్నమాట. అడ్డుపడ్డ ఎముక ఎంత మందముందో సీటీ బాగా చెబుతుంది కాబట్టి ఆపరేషన్‌కు ముందు చాలాసార్లు రెండూ తీస్తారు.

ఆపరేషన్ చేసి ఒత్తిడి తీసేసినా, అప్పటికే చచ్చిన నరాలు తిరిగి రావు. అందుకే కాలు పూర్తిగా పడిపోయేదాకా ఆగకూడదు. చొక్కా గుండీ పెట్టుకోవడానికి వేళ్లు తడబడుతున్నా, నడుస్తుంటే చెప్పు జారిపోయిన సంగతే తెలియకపోయినా, కాళ్లు బిగుసుకుపోతున్నా మెడ స్కాన్ గురించి డాక్టర్ని అడగాలి. మూత్రం మీద పట్టు తప్పితే ఆ రోజే వెళ్లాలి. తెలంగాణలో 2016లో మొదలైన మిషన్ భగీరథ పథకం నల్లా నీళ్లు తాగుతున్నాం కదా అనుకోవద్దు. కొత్తగా ఫ్లోరైడ్ చేరడం తగ్గినా, పెరిగిన ఎముక కరిగిపోదు.

ఇంకో మాట. నడుము వంగిపోయి, మెడ తిరగని మనిషి స్కాన్ బల్ల మీద వెల్లకిలా తేలిగ్గా పడుకోలేడు. కానీ అరగంట కదలకుండా ఉండాలి. మెడ కింద, మోకాళ్ల కింద దిండ్లు పెట్టమని వెంట వెళ్లినవాళ్లే ముందుగా టెక్నీషియన్‌కు చెప్పాలి.