బ్రేకు కీచుమంటే వినిపించుకోండి

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్బీ నగర్ చౌరస్తా వరకు మెట్రో వంతెన క్రింద కారు నడిపేవారికి తెలుసు, ఆ కొద్ది దూరంలోనే కాలు ఎన్నిసార్లు బ్రేకు మీదికి వెళుతుందో. చైతన్యపురి, కొత్తపేటల దగ్గర ఆగిపోయే వరుసలు, ఉన్నట్టుండి అడ్డం తిరిగే ఆటోలు, పరుగున రోడ్డు దాటే మనుషులు! ఇటువంటి దారిలో రోజూ తిరిగే పాత కారు ఏదో ఒకనాడు కీచుమనక మానదు.

మన సంఘ కుటుంబాలలో మారుతి 800లు, పాత శాంట్రోలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అంటే వాటిలో చివరి బండికి కూడా పదేళ్లు నిండిపోయాయి. పాత బండి ఉండటం చిన్నతనం కాదు. అయితే దాని శబ్దానికి ఇంటిల్లిపాదీ అలవాటుపడి, వినటం మానివేయటమే అపాయం. అందుకే ఈ నెల ఈ విషయం మీ ముందుంచుతున్నాము.

శబ్దం ఎందుకు వస్తుంది?

ఈ కార్లలో సాధారణంగా ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, వెనుక చక్రాలకు డ్రమ్ము బ్రేకులు ఉంటాయి. డిస్కు అంటే చక్రంతోపాటు తిరిగే ఇనుప పళ్లెం. పెడల్ తొక్కగానే రెండు ప్యాడ్లు దానిని ఇరువైపులా నొక్కి పట్టుకుంటాయి. డ్రమ్ములోనైతే వంపు తిరిగిన రెండు షూలు తెరుచుకుని లోపలి గోడకు ఒత్తుకుంటాయి. ఈ పట్టు సమంగా ఉండక, పట్టుతూ జారుతూ ఉంటే ఆ భాగాలు అదురుతాయి. నల్లబల్ల మీద సుద్దముక్కను నిలువుగా పట్టి గీస్తే వచ్చే కీచు కూడా ఇలాంటిదే.

ఏ శబ్దానికి ఏ అర్థం?

వాన కురిసిన మరునాడు ఉదయం నాలుగైదుసార్లు బ్రేకు వేసేవరకు గీర వినిపించి, తరువాత పోతే భయపడనక్కరలేదు. రాత్రి డిస్కు మీద పట్టిన పలుచని తుప్పు ప్యాడ్ల రాపిడికి రాలిపోతుంది.

బ్రేకు వేసిన ప్రతిసారీ సన్నని కీచు వస్తుంటే ప్యాడ్లు చూడవలసిందే. చాలా ప్యాడ్లకు ఒక చిన్న రేకు అమర్చి ఉంటుంది. ప్యాడ్ బాగా అరిగినప్పుడు ఆ రేకు డిస్కును తాకి కీచుమంటుంది. యజమానిని హెచ్చరించటానికే దానిని పెట్టారు.

కీచు పోయి గరగరమని మొరటు శబ్దం మొదలైతే ప్యాడ్ మందు పూర్తిగా అరిగి, ఇనుము ఇనుమును రాస్తున్నదని అనుమానించాలి. ఇక బండి కదల్చకూడదు. ప్యాడ్లతో పోవలసిన ఖర్చుకు అప్పుడు డిస్కుల ఖర్చు కూడా తోడవుతుంది.

బ్రేకు వేయకపోయినా శబ్దం వస్తుంటే రాయి ఇరుక్కుని ఉండవచ్చు, ప్యాడ్ వెనక్కు రాకుండా పట్టేసి ఉండవచ్చు, లేదా చక్రపు బేరింగు పోయి ఉండవచ్చు. బండి ఒక ప్రక్కకు లాగుతున్నా, పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతున్నా, బ్రేక్ ఆయిల్ తగ్గిపోతున్నా ఆ బండిలో ఎవరినీ ఎక్కించకండి. మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.

ఇంటివద్ద చూడగలిగినది

కాలనీలో రద్దీ లేని వేళ, అద్దాలు దించి, ప్రహరీగోడ ప్రక్కగా మెల్లగా నడుపుతూ బ్రేకు వేయండి. గోడకు తగిలి తిరిగివచ్చే శబ్దాన్నిబట్టి ఏ ప్రక్క, ముందా వెనుకా అన్నది చాలావరకు తెలుస్తుంది. ఇలా తెలుసుకుని వెళితే మెకానిక్‌కు పని తేలిక, మీకు ఖర్చు తక్కువ.

ముందు చక్రం విప్పి చూడదలచినవారు చదునైన నేలమీద నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. జాకీ ఒక్కదానినే నమ్మి బండి క్రిందికి దూరవద్దు. కొత్త ప్యాడ్ మందు సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది. 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చే సమయమైనట్లే.

షెడ్డులో అడగవలసినవి

కొందరు శబ్దం పోవటానికి ప్యాడ్ల మీద నూనె చుక్కలు వేయమంటారు. దయచేసి ఒప్పుకోవద్దు. నూనె పడితే కీచు ఆగుతుంది, దానితోపాటు బ్రేకు పట్టు కూడా పోతుంది. వేడికి నున్నగా మెరుపెక్కిన ప్యాడ్‌ను గరుకు కాగితంతో రుద్దితే కొంతకాలం నెమ్మదించవచ్చు గాని, అరిగిన ప్యాడ్‌కు అది మందు కాదు.

ప్యాడ్లు మార్చేటప్పుడు కుడి ఎడమలు రెండూ కలిపి మార్చాలి. ఒక్కవైపే మారిస్తే బండి ప్రక్కకు లాగవచ్చు. ప్యాడ్లను కదలకుండా పట్టే క్లిప్పులు తిరిగి పెట్టారో లేదో చూడండి. జరిగే పిన్నులకు బ్రేకుల కోసమే వచ్చే గ్రీజు పలుచగా రాయించండి. వెనుక డ్రమ్ములు విప్పించి దుమ్ము తుడిపించండి. ఆ దుమ్మును గాలితో ఊదనివ్వవద్దు, తడిగుడ్డతో తుడవాలి. పాతకాలపు లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తులకు హానికరం. షూల మీద తడి కనిపిస్తే వీల్ సిలిండర్ కారుతున్నదేమో చూడమనండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది కనుక రెండేళ్లకొకసారి మార్పించటం మంచిది. కొత్త ప్యాడ్లు వేసిన తరువాత కొన్ని రోజులు అదాటుగా కాక మెల్లగా బ్రేకులు వేస్తూ వాటిని డిస్కుకు అలవాటు చేయాలి.

మిద్దెకు పిట్టగోడ

కొత్త ఇల్లు కట్టుకున్నవాడు మిద్దెకు పిట్టగోడ కట్టించాలని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఒక ఆజ్ఞ ఉన్నది. ఎవరైనా పైనుండి పడితే ఆ దోషం ఇంటివారి మీదికి వస్తుందని దాని భావం. పొరుగువానిని ప్రేమించటమంటే అతడు పడకముందే గోడ కట్టటం అని ఆ ఆజ్ఞ మనకు నేర్పుతున్నది. మన బండికి బ్రేకులే ఆ పిట్టగోడ. ఆదివారం ఆరాధనకు మనతో ఎక్కే వృద్ధురాలు, వీధిలో బంతి కోసం పరుగెత్తే పరాయి బిడ్డ, వారిద్దరి ప్రాణం మన పాదం క్రింద ఉన్నది.

క్రిస్మస్‌కు, ఈస్టరుకు విజయవాడ రోడ్డు మీదుగా స్వగ్రామాలకు బయలుదేరే కుటుంబాలు మనలో ఎన్నో. బండి కదిలేముందు ప్రార్థన చేసుకోవటం మన ఇండ్లలో ఉన్న చక్కని అలవాటు. ఆ ప్రయాణానికి ఒక వారం ముందే బ్రేకులు విప్పించి చూడటం కూడా అలవాటు చేసుకుందాము. ప్రభువు మన కాపుదల కొరకు పంపే హెచ్చరికలు ఒక్కొక్కప్పుడు అరిగిన రేకుముక్క కీచుగొంతుతో కూడా వస్తాయి. వినే చెవి మనకుండాలి.