ఊరెళ్ళి వచ్చేసరికి పిల్లి అలిగిందా?

అమ్మాయి పురిటికని మా వారూ నేనూ అమెరికా వెళ్ళి, అయిదు నెలలు డల్లాస్‌లో ఉండి వచ్చాం. రాజమండ్రి దానవాయిపేటలో మా ఇంటి తాళం తీస్తూనే నేను మొదట వెతికింది మా చిట్టిని. ఆరేళ్ళుగా పెంచుకున్న పిల్లి. మేం లేనన్నాళ్ళూ పక్కింటి వదినగారే దానికి తిండి పెట్టారు. "చిట్టీ" అని పిలిస్తే గోడ మీంచి ఒక్క చూపు చూసి, పక్కింటి పెరట్లోకి దూకేసింది. నిజం చెప్పొద్దూ, నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

"పిల్లికి విశ్వాసం ఉండదే" అన్నారు మా వారు. ఆ ఉక్రోషంలోనే ఇంటిపనికి దిగాను. అయిదు నెలల దుమ్ము మరి! గదులన్నీ ఫినాయిలు వేసి కడిగించాను. చిట్టి పడుకునే పాత బొంతను సబ్బునీళ్ళలో నానేశాను. ఆ రాత్రి అది గుమ్మం దాకా వచ్చి, వాసన చూసి వెనక్కి పోయింది. మర్నాడు వదినగారింట్లో కూడా ముద్ద ముట్టలేదు.

భయమేసి, వదినగారు దాన్ని బుట్టలో పెట్టి మూత వేస్తే, పశువుల డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాం. జబ్బేమీ లేదన్నారు. పిల్లి మనుషుల్నీ, ఇంటినీ ఎక్కువగా వాసనతోనే పోల్చుకుంటుందట. గుమ్మాలకీ, మంచం కోళ్ళకీ బుగ్గలు రుద్దేది తన వాసన అంటించుకోవడానికేనట. మా బట్టలకీ పెట్టెలకీ కొత్త వాసన, ఇంటికేమో ఫినాయిలు వాసన. ఇక దానికి తన ఇల్లేది? పైగా ఫినాయిలు పిల్లులకి విషం. తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే లోపలికి పోతుంది.

అంతేగాని మనల్ని మరిచిపోయి కాదు. 2013లో జపాన్‌లో టోక్యో విశ్వవిద్యాలయం వాళ్ళు 20 పెంపుడు పిల్లులకి యజమాని గొంతూ, పరాయివాళ్ళ గొంతూ వినిపించి చూశారు. అవి యజమాని గొంతు పోల్చుకున్నాయి. చెవులు కదిపాయి, తల తిప్పాయి. లేచి మాత్రం రాలేదు! మా చిట్టి గోడ మీంచి చూసిన చూపూ అదే కాబోలు.

మాకు పనికొచ్చినవి మీకూ చెబుతాను.

* రాగానే ఇల్లంతా కడిగేయకండి. పిల్లి పడుకునే మూల, బొంత అలాగే వదిలి, మిగతాది ఉత్త నీళ్ళతో తుడుచుకోండి.

* వెంటపడి ఎత్తుకోకండి. నేలమీద కూర్చుని కూరలు తరుక్కుంటూ, పాత పిలుపుతోనే పలకరిస్తూ ఉండండి. దాన్నే గుచ్చి చూడకుండా మెల్లగా రెప్పలార్పండి. బెదిరి గీరిందంటే సబ్బూ నీళ్ళతో పావుగంట కడిగి, మీ డాక్టరుకి చూపించుకోండి.

* మీరు లేనప్పుడు ఏ వేళకి, ఏ గిన్నెలో తిన్నదో ఇప్పుడూ అలాగే పెట్టండి. ఉప్పూ కారం వేయకుండా ఉడికించిన శీలావతి ముక్క, ముళ్ళు తీసి పెడితే ఇష్టంగా తింటుంది. ఉల్లి, వెల్లుల్లి పడిన పులుసు మాత్రం వద్దు, దాని రక్తానికి చేటు. పెద్ద పిల్లులు చాలావాటికి పాలు కూడా అరగవు.

* రోజంతా ఏమీ తినకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. రెండు మూడు రోజులు పస్తుంటే కాలేయం దెబ్బతినవచ్చు, బొద్దు పిల్లులకి మరీను. నలతగా ఉందని పారాసిటమాల్ ముక్క వేయకండి, ప్రాణం తీస్తుంది.

అన్నిటికన్నా నాకు కష్టమైంది వదినగారి మీద అసూయ చంపుకోవడం. "ఇక మీరు పెట్టకండి" అనబోయి నాలిక్కరుచుకున్నాను. మూడోరోజు పొద్దున్న చిట్టి మళ్ళీ తిన్నది ఆవిడ చేతిలోంచే! తర్వాత ఆవిడే దాని గిన్నె తెచ్చి మా అరుగు మీద పెట్టి, నాలుగు రోజులు నా పక్కన కూర్చున్నారు. ఆ పైన గిన్నెను రోజుకి కాస్త కాస్త వంటింటి వైపు జరిపాం.

పన్నెండో రోజు తెల్లవారుజామున లేచి చూస్తే, నేను విడిచిన నేత చీర మీద చుట్టచుట్టుకుని పడుకుంది చిట్టి!

ఇప్పటికీ మధ్యాహ్నం కునుకు వదినగారింట్లోనే. పోనివ్వండి, దానికి రెండిళ్ళుంటే మనకేం నష్టం? ఈసారి ఊరెళ్ళేటప్పుడు మాత్రం ఉతకని పాత చీర ఒకటి ఆవిడకిచ్చి వెళతాను. చిట్టి పక్కలో వేస్తే, మా వాసన మరుగున పడకుండా ఉంటుంది.