మక్క ఆకు ఎందుకు మాడింది?

నాందేడు జిల్లాలో ధర్మాబాదు, బిలోలి, దెగలూరు ప్రాంతాల్లో సేద్యం చేసుకునే మన తెలుగు కుటుంబాలకు ఒక చిక్కు ఉన్నది. మొక్కజొన్న ఆకు ఎండితే ఇంట్లో “మక్క మాడింది” అంటాము. కృషి సేవా కేంద్రానికి పోయి “కరపా” అంటాము. ఆ మరాఠీ మాటకు అర్థమూ మాడుటయే. రెండు మాటలూ ఆకు ఎట్లున్నదో చెబుతాయి గాని, ఎందుకట్లయిందో చెప్పవు. శిలీంధ్రం వల్ల మాడితే మందు చల్లవలె. పొటాషు చాలక మాడితే ఎరువు వేయవలె. ఒకదానికి బదులు మరొకటి చేస్తే డబ్బూ పోతుంది, పంటా పోతుంది.

కావున దుకాణానికి పోయేముందు చేనులో అడుగు ఆకులు చూడండి. కొన నుండి అంచుల వెంబడి ఎండి, నడుమ పచ్చగా ఉంటే అది పొటాషు లోపం. కొన నుండి నడిమి ఈనె వెంట పసుపు దిగితే నత్రజని చాలలేదు. శిలీంధ్రం ఇంత వరుసగా రాదు. దాని బీజం పడ్డచోటనే మచ్చ పుడుతుంది. అందుచేత మచ్చలు విడివిడిగా, చెదురుగా ఉంటాయి.

మచ్చ ఆకారాన్నిబట్టి తెగులును పోల్చవచ్చు. మగ్గపు నాడెవలె నడుమ వెడల్పుగా, రెండు కొసలూ సన్నగా, బూడిదరంగులో ఒకటి నుండి ఆరంగుళాల దాకా సాగితే అది టర్సికం ఆకుమాడు తెగులు. నేత తెలిసిన ఇళ్ళవారికి ఈ పోలిక విడమరచి చెప్పనక్కరలేదు. ఈ శిలీంధ్రాన్ని 1876లో ఇటలీలో పాసెరీని అనే శాస్త్రజ్ఞుడు వర్ణించాడు. చల్లగా ఉండి మంచు కురిసే రోజులు దీనికి అనుకూలం. జొన్నకు కూడా వస్తుంది గనుక మన పెద్దలకు ఈ మచ్చ కొత్త కాదు.

మచ్చ అంగుళానికి మించక, ఈనెల మధ్య ఇరుకుకొని, పక్కలు తిన్నగా ఉంటే అది మేడిస్ తెగులు. దీనికి వెచ్చని వాన కావలె. 1970లో అమెరికా మొక్కజొన్న పంటలో సుమారు 15 శాతాన్ని ఇదే తినివేసింది. అక్కడి సంకర విత్తనంలో అధికభాగం ఒకే తల్లి వంశానిది కావడమే కారణం. ఎంత పెద్ద దేశమైనా విత్తనమంతా ఒక్క తీరుదైతే ఇంతే మరి!

ఆకుకు రెండువైపులా చిన్న పొక్కులు లేచి, వేలితో రాస్తే ఇటుకపొడి అంటితే అది తుప్పు తెగులు, మరాఠీలో తాంబేరా.

ఇంకా అనుమానముంటే మచ్చలున్న ఆకును తడి కాగితంతో పాటు పాలిథిన్ సంచిలో మూసి, ఒకటి రెండు రాత్రులు నీడన ఉంచండి. ఆకుమాడు శిలీంధ్రమైతే మచ్చ మీద నల్లని నూగు లేస్తుంది. భూతద్దముంటే మరీ తేట.

మందు చల్లుటకు అదను ముఖ్యం. గింజను నింపేవి ప్రధానంగా కంకి దగ్గరి ఆకు, దాని పై ఆకులు. పూత రాకముందే మచ్చలు అక్కడికి ఎక్కితే నష్టం పెద్దది. లీటరు నీటికి రెండున్నర గ్రాముల మాంకోజెబ్ కలిపి వెంటనే చల్లవలె. గింజ గట్టిపడిన తర్వాత చల్లితే దుకాణదారుకే లాభం.

తెగులు మోళ్ళలో, ఎండుటాకుల్లో దాగి వచ్చే పంటకు అంటుకుంటుంది గనుక మక్క మీద మక్క వేయకండి. బిలోలి తాలూకా సగరోళిలో కృషి విజ్ఞాన కేంద్రమున్నది. అక్కడికి ఆకు తీసుకపోతే, సగం పచ్చగా సగం మాడి ఉన్నదానిని పాత వార్తాపత్రిక మడతలో పెట్టుకొని పోండి. పూర్తిగా ఎండిన ఆకును చూచి ఎవరూ ఏమీ చెప్పలేరు.