చైత్రమాసపు వీడ్కోలు

వసంతమనగానే తెలుగువారికి కోయిల వచ్చినట్లే. నిజమునకు కోయిల ఎక్కడినుండియు వచ్చునది కాదు. ఏడాది పొడవునను మన తోటలలోనే యుండి, చలికాలమున గొంతు విప్పక, మామిడి పూత నాటికి పలుకును. ఇంగ్లండు వంటి ఉత్తరదేశములలో మాత్రము వసంతమున పక్షులు దక్షిణమునుండి నిజముగనే తరలివచ్చును; అచటివారు వాటి రాకకు ఎదురుచూతురు. మనకు వసంతము వలసపక్షుల రాక కాదు, పోక. ఆశ్వయుజ కార్తికములలో దిగిన అతిథులు ఫాల్గుణ చైత్రములలో ప్రయాణము కట్టును.

పక్షులను చూడబోవు మిత్రులు పలువురు చలి తగ్గగానే దుర్భిణిని పెట్టెలో దాచుట మేము గమనించుచున్నాము. అసలు వేడుక అప్పుడే మొదలగునని మా మనవి. సూళ్లూరుపేటనుండి శ్రీహరికోటకు పోవు బాట పులికాట్ సరస్సు నడుమగా సాగును. ఎండలు ముదిరినకొలది ఉప్పునీరు వెనుకకు తగ్గి, మిగిలిన మడుగుల చుట్టు పక్షులు గుమిగూడును. శీతకాలమంతయు బూడిదవన్నెలో ఉండి క్రొత్తవారిని తికమకపెట్టిన నల్లతోక గాడ్విట్ మెడ ఇటుకరంగు తిరుగును. పసిఫిక్ గోల్డెన్ ప్లోవర్ అను పక్షికి ముఖమునుండి పొట్టవరకు కాటుక పూసినట్లు నలుపు వచ్చును. పెండ్లిబట్టలు ఇచ్చటనే కట్టుకొని, పెండ్లికి సైబీరియాకు పోవుచున్నదన్నమాట!

అన్నియు ఒకేనాడు పోవు. తలపై రెండు నల్లని చారలుగల పెద్దబాతులు, బార్‌హెడెడ్ గూస్ అనునవి, ముందుగా కదలును. మంజీర జలాశయమున చలికాలము గడుపు ఈ జాతి టిబెట్టు పీఠభూమిలోను, మంగోలియా సరస్సులలోను గ్రుడ్లు పెట్టును. వీటికి చిన్న యంత్రములు అమర్చి చూడగా, హిమాలయములు దాటునపుడు కొన్ని 7,000 మీటర్లకు పైగా ఎగిరినట్లు తేలినది. తరువాత సూదితోక బాతులు, ఖంజరీటములు. నీటి అంచున పరుగులిడు చిన్న ఉల్లంకులు కొన్ని మే మొదటివారము వరకును నిలుచును.

పోవుటకు ముందు అవి ఎడతెగక తినును. ఆ తిండి క్రొవ్వుగా మారి త్రోవలో ఇంధనమగును. కొన్ని జాతుల బరువు ఇంచుమించు రెట్టింపగును. కనుక ఈ ఋతువున దగ్గరకు పోరాదు. ఒక ఛాయాచిత్రము కొరకు గుంపును లేపుట వాటి దారిబత్తెమును దోచుటయే. మేయుచున్న పక్షి తలయెత్తి మనవైపు చూచినచో అదియే మన హద్దు.

ఇక వ్రాతపని. పక్షి తొలిసారి కనబడిన తేదీని వ్రాసికొనుట సులభము. చివరి తేదీ అట్లు కాదు. ఏప్రిల్ 14న ఊరిచెరువులో మూడు సూదితోక బాతులను చూచితిరనుకొందము. అవియే చివరివని ఆనాడు ఎవ్వరును చెప్పలేరు. 18న పోయి, 22న పోయి, ‘లేవు’ అని వ్రాసినగాని 14కు విలువ రాదు. అందుచేత పది చెరువులు తిరుగుటకంటె ఒక్క చెరువునకే పదిమార్లు పోవుట మేలు. బస్సు ఖర్చును కలిసివచ్చును!

ఈ తేదీలు ఎందులకని అడుగవచ్చును. పక్షికి ప్రయాణవేళను తెలుపు గుర్తులలో ముఖ్యమైనది పగటి నిడివి. అది యుగములుగా మారనిది. ఉత్తరమున పురుగులు పుట్టుటకు మాత్రము వేడిమి కారణము. భూమి వేడెక్కి అచట వసంతము ముందుగా వచ్చుచున్నది. పక్షి పాత లెక్కనే పట్టుకొని ఆలసించినచో, పిల్లలు పుట్టునాటికి పురుగుల కాలము దాటిపోవచ్చును. అవి మన చెరువులను ఎప్పుడు విడుచుచున్నవో తెలియనిదే ఈ చిక్కు ఏపాటిదో తేలదు. 2007లో మన దేశమున ఆరంభమైన మైగ్రెంట్‌వాచ్ ఉద్యమము సామాన్యులు పంపిన తేదీలనే కూర్చినది. బడిపిల్లల నోటుపుస్తకము కూడ ఇందుకు చాలును.

రేడియోవారము గనుక చెవికి సంబంధించిన మాట ఒకటి చెప్పక తప్పదు. పొన్నంగి పిట్ట దక్షిణమున చలికాలము గడిపి, వేసవిలో గ్రుడ్లు పెట్టుటకు మధ్య, ఉత్తర భారతపు అడవులకు తరలును. పచ్చని వీపు, పొట్ట క్రింద ఎరుపు, కంటిమీదుగా నల్లని పట్టె. ఇన్ని రంగులుండియు ఎండుటాకుల నడుమ ఇట్టె మాయమగును. దీని జాతికంతకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ‘పిట్టా’. అది మన తెలుగు మాటయే. ఉదయ సాయంసంధ్యలలో రెండు స్వరముల ఈలగా దాని గొంతు వినబడును. తోట దాపున ఉన్నవారు ఆ వేళ రేడియో కట్టివేసి చెవియొగ్గుడు. నాలుగునాళ్ళు వినిపించి మరునాడు వినిపింపకున్నచో, ఆ తేదీని కూడ వ్రాసికొనుడు.