ఎండకు వెలవని రంగు

నిజామాబాద్ జిల్లాలో మాక్లూర్ నుంచి ఆర్మూర్ దాకా పసుపు ఉడకబెట్టే రోజుల్లో బట్టలన్నీ పచ్చబడతాయి. సబ్బు రుద్దితే మరక పోకపోగా ఎర్రబడుతుంది. తడిపి ఎండలో ఆరేస్తే మాత్రం సాయంత్రానికి చాలా మటుకు వెలిసిపోతుంది. పసుపుకు ఆ రంగునిచ్చే కర్కుమిన్ వెలుతురుకు ఓర్చుకోలేదు.

ఫ్యాక్టరీ రంగులు అలా కాదు. ఎండకు వెలవకూడదనే వాటిని తయారుచేశారు. వాటిలో ఎక్కువ భాగం అజో రంగులు: రెండు నైట్రోజన్ పరమాణువుల ముడి చుట్టూ అల్లినవి. చీర మీద ఆ గట్టితనం గుణమే. అదే అద్దకం తర్వాత నూలు కడిగిన నీళ్లు వాగులో కలిస్తే తంటా. సూక్ష్మజీవులు అంత తేలిగ్గా కొరకలేవు, రంగు అడ్డుపడి నాచుకు వెలుతురూ అందదు.

ఈ రంగుకు విరుగుడు పెయింట్ డబ్బాలో దొరికింది. పాత తెల్ల పెయింట్ గోడకు చెయ్యి రాస్తే పిండిలా అంటుతుంది కదా, అది టైటానియం డయాక్సైడ్ పనే. ఎండ తగిలితే చుట్టూ ఉన్న జిగురును అదే తినేస్తుంది. పెయింట్ కంపెనీలకు అది తలనొప్పి. 1938లో గుడీవ్, కిచెనర్ అనే ఇద్దరు అతినీలలోహిత కాంతిలో ఆ పొడి రంగులనూ వెలిసేలా చేస్తుందని చూపించారు. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1972లో జపాన్‌కు చెందిన ఫుజిషిమా, హోండా ఇదే పదార్థంతో, వెలుతురు సాయంతో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టామని ప్రకటించాకే లోకం అటు తిరిగింది. ఇంధనం ఆశించినంత రాలేదు గానీ, మురికి నీళ్ల వైద్యం మాత్రం ఆ దారిలోనే మొదలైంది.

జరిగేది ఇది. 388 నానోమీటర్ల కంటే పొట్టి తరంగం తగిలితే పొడిలోని ఎలక్ట్రాన్ ఎగిరి, దాని చోట ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ నీటి నుంచి ఎలక్ట్రాన్ లాక్కుంటే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. ఎదురైనదాన్నల్లా కొరికే రకం అది. అజో ముడి తెగగానే రంగు పోతుంది. రంగు పోయిన నీళ్లన్నీ శుభ్రమైనవని మాత్రం అనుకోకండి. విరిగిన ముక్కలు కార్బన్ డయాక్సైడ్ దాకా కాలడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. పరిశోధనశాల ఫొటోల్లో తేటనీళ్ల సీసా చూస్తే నాకు ఎప్పుడూ ఈ అనుమానమే.

ఇదంతా పొడి పైపొర మీదే జరుగుతుంది, అందుకే నానో అంత సన్నని పొడి కావాలి. ఈ పనికి ఎక్కువగా వాడే పొడిలో ఒక్క గ్రాము పైపొర దాదాపు 50 చదరపు మీటర్లు, మన లెక్కలో 60 గజాల ప్లాటు. చిక్కేమిటంటే అంత సన్నని పొడిని నీటిలోంచి మళ్లీ వడకట్టడం కష్టం. హైదరాబాద్ తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన పని సరిగ్గా ఈ చిక్కునే పట్టుకుంది. అజో రంగుల తయారీకి వాడే హెచ్-ఆమ్లాన్ని విడగొట్టడానికి వాళ్లు పొడిని నీటిలో కలిపి చూశారు, పలుచని పొరగా అంటించిన రియాక్టర్‌లోనూ చూశారు. పొర అయితే వడకట్టే పని లేదు, కానీ నీటికి తగిలే పైపొర తగ్గుతుంది. తర్వాత అదే సంస్థలో ఐసోప్రోటురాన్ అనే కలుపుమందు మీదికి ఎండనే వదిలారు.

ఇంకో లోటు: ఎండలో అతినీలలోహిత భాగం నూటికి నాలుగైదు పాళ్లే. మిగతా వెలుతురును ఈ తెల్లపొడి ముట్టదు. అందుకే లేత పసుపు రంగులో ఉండే కార్బన్ నైట్రైడ్ మీద 2009 నుంచి ఆశ పెరిగింది. అది నీలి వెలుతురును కూడా పట్టుకుంటుంది. చేసే తీరు వింటే నవ్వొస్తుంది: పొలానికి చల్లే యూరియానే మూత పెట్టిన మూసలో 550 డిగ్రీల దగ్గర కాల్చితే చాలు. దిగుబడి మాత్రం బాగా తక్కువ.

మరి ఒకప్పటి బోధన్ లాంటి చెరకు సీమల సంగతి? మొలాసిస్ నుంచి సారాయి కాచాక మిగిలే ముదురు గోధుమ నీళ్లకు రంగునిచ్చేది అద్దకపు రంగు కాదు, మెలనాయిడిన్లు అనే పదార్థాలు. అవి అంత చిక్కగా ఉంటే వెలుతురు లోపలికి దిగదు, ఎంత మంచి పొడి వేసినా నీటి పైభాగంలోనే పని ఆగిపోతుంది. ముందు గాలి తగలని ట్యాంకుల్లో సూక్ష్మజీవులు తినాలి, గ్యాస్ తీయాలి, పలచన చేయాలి. తెల్లపొడి వంతు ఆ తర్వాతే, అదీ జానెడు లోతు కూడా లేని తొట్టిలో.